జముకు పట్టిన పూజారి, గజ్జె కట్టిన మజ్దూర్: ఉద్దానం పాట దాస్తాన్

మన ఇళ్లల్లో పాట కట్టేవాళ్లకు రెండు రకాల మర్యాద ఉంటుంది. షాయర్ సాబ్ వస్తే కుర్సీ వేస్తాం, చాయ్ ఇస్తాం, "వాహ్ వాహ్" అంటాం. అదే రమ్జాన్ నెలలో సహరీ వేళ డఫ్ కొడుతూ గల్లీ అంతా లేపే ఫకీర్ వస్తే గుమ్మం బయటే నిలబెట్టి చేతిలో పదో పరకో పెడతాం. ఇద్దరూ చేసేది ఒకటే ఫన్. ఒకరిది కాగితం మీద ఉంటుంది, ఇంకొకరిది గొంతులో ఉంటుంది. కాగితం మీద ఉన్నదానికి ఇజ్జత్ ఎక్కువ. గొంతులో ఉన్నది ఆ గొంతుతోపాటే కబ్రస్తాన్‌కు వెళ్లిపోతుంది.

ఈ ఖయాల్‌తోనే శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం వైపు పాట కట్టిన మనుషుల గురించి రాయాలనిపించింది. వాళ్లు ముస్లింలు కారు. అయితే వాళ్ల దాస్తాన్ చెప్పుకుంటూ పోతే మన మాటలూ, మన మనుషులూ అడుగడుగునా ఎదురవుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జాగా గురించి రెండు ముక్కలు. శ్రీకాకుళం అంటే ఒకప్పటి చికాకోల్ సర్కార్. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఆ ఊళ్లో ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా వెళ్తే ఒడిశా సరిహద్దు. మధ్యలో సముద్రం ఒడ్డున ఉన్న పచ్చటి పట్టీ ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు బట్టీలు. బిర్యానీలోనో షీర్ ఖుర్మాలోనో మనం వేసుకునే జీడిపప్పు కాల్చి, కొట్టి, పొట్టు తీసే చేతులు చాలావరకు అక్కడి ఆడవాళ్లవి. జీడి నూనె తగిలి ఆ వేళ్లు నల్లబడి ఉంటాయి.

చూడటానికి జన్నత్‌లాంటి జాగా. బతకడం మాత్రం అంత సులువు కాదు. మందస జమీందారీలో అడవికి వెళ్లి కట్టెలు తెచ్చుకునే హక్కు కోసం రైతులు తిరగబడ్డారు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస దగ్గర పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ అనే రైతు స్త్రీ షహీద్ అయింది. ఇలాంటి నేల మీద పాట ఊరికే పుట్టదు. ఏదో ఒక జులుం మీద ఫిర్యాదుగానే పుడుతుంది.

ఉద్దానానికి పది కిలోమీటర్లు అటూ ఇటూ ఎక్కడికి వెళ్లినా పాతకాలం మనుషులకు జముకు తెలుసు. చిన్న డోలులాంటి బుర్ర. ఒక మూతికి తోలు బిగిస్తారు, రెండో మూతి ఖాళీ. తోలు మధ్య నుంచి ఒక తీగ లాగి పట్టుకుంటారు. ఒక చేత్తో తీగ బిగిస్తూ, వదులుతూ, రెండో చేత్తో మీటుతుంటే "జుమ్ జుమ్" అని ఏడ్చినట్టూ ఉంటుంది, నవ్వినట్టూ ఉంటుంది. పెద్ద కులాల సంగీత సభల్లోకి అది వచ్చేది కాదు. గ్రామదేవతల కథలు చెప్పేవాళ్ల వాయిద్యం అది. రాత్రి పొద్దుపోయాక ఊరి మధ్యలో కథకుడు లేచి ఆడుతూ పాడుతుంటే, పక్కన ఉన్నవాళ్లు వంత పాడుతుంటే తెల్లారే దాకా కథ సాగేది.

ఈ జముకును సుబ్బారావు పాణిగ్రాహి పట్టుకున్నాడు. పలాస పక్కన బొడ్డపాడులో గుడి పూజారి. పాణిగ్రాహి అన్నది ఒడియా బ్రాహ్మణుల ఇంటిపేరు. కొంచెం ఆగి ఆలోచించండి. గుడిలో మంత్రం చదివి హారతి ఇచ్చే మనిషి, సంస్కృత శ్లోకాలు నోటికి వచ్చిన మనిషి, సాయంత్రం అయ్యేసరికి కిందికులాల వాయిద్యాన్ని చేత్తో పట్టుకుని రైతు కూలీల ముందు గంతులేస్తూ పాడుతున్నాడు. మన వైపు పోలిక చెప్పాలంటే ఒక పేష్ ఇమామ్ సాబ్ ఇషా నమాజ్ చదివించి, బయటికి వచ్చి, ఫకీర్ల డఫ్ తీసుకుని చౌరస్తాలో కూలి రేట్ల గురించి పాడినట్టు. మసీదు కమిటీవాళ్లు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆయన చేసిన పని చిన్నగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. కథ చెప్పే రాగం మార్చలేదు, తాళం మార్చలేదు, వంత మార్చలేదు. లోపలి కథ మార్చాడు. అమ్మవారి కథ వినడానికి కూర్చునే అలవాటున్న జనానికి అదే కూర్చునే పద్ధతిలో వాళ్ల కథే వినిపించాడు. కౌలు ఎంత, పాలు ఎంత, అప్పు మీద వడ్డీ ఎంత అన్నవే అందులో కష్టాలు. షావుకారు, భూస్వామి అందులో రాక్షసులు. ఎర్ర రంగు మీద, ఆ రంగు చూసి జంకేవాళ్ల మీద ఆయన కట్టిన పాట తర్వాత రాష్ట్రమంతా తిరిగింది. పాడుతున్నవాళ్లలో చాలామందికి ఎవరు రాశారో తెలియనంతగా తిరిగింది. మాటలు చాలా తేలిక, పిల్లలు పాడుకునే లెక్కలో ఉంటాయి. తేలిక మాటలతో బరువైన సంగతి చెప్పడం షాయరీలో అన్నిటికంటే కష్టమైన పని అని మీర్‌నీ నజీర్ అక్బరాబాదీనీ చదివినవాళ్లకు తెలుసు.

తర్వాత చరిత్ర త్వరగా నడిచింది. పార్వతీపురం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు మాస్టార్లు గిరిజనులను కూడగట్టారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. కేసు నడిచింది, ముద్దాయిలు విడుదలయ్యారు. అదాలత్ మీద నమ్మకం పోయిన చోట తుపాకీ వచ్చింది. 1968 నవంబరులో ఉద్దానం వైపు గరుడభద్రలో భూస్వామి పొలంలో జనం పంట కోశారు. ఆ తర్వాత మైదానంలోనూ కొండల్లోనూ సాయుధ పోరాటం. బొడ్డపాడు దానికి ఒక గుండెకాయ అయింది. పూజారిగారు జముకు వదిలిపెట్టకుండానే ఆ దళాల్లోకి వెళ్లాడు. 1969 డిసెంబరులో ఆయన్ను, పంచాది నిర్మలను, ఇంకొందరిని రంగమటియా కొండల దగ్గర కాల్చేశారు. ఎదురుకాల్పులు అని పోలీసు రికార్డు. పట్టుకుని కాల్చారని ఉద్యమంవాళ్ల మాట. అప్పటికి ఆయనకు నలభై దాటలేదు.

ఇక్కడ నా రాయి నేను చెప్పేస్తాను, దాచుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ ఉద్యమంలో భూస్వాములనూ వడ్డీ వ్యాపారులనూ ఇళ్లల్లోకి వెళ్లి చంపడం అనే పంథా నడిచింది. దాన్ని నేను సమర్థించలేను. నాహక్ ఖూన్ ఎవరు చేసినా నాహక్ ఖూనే, అదాలత్ లేకుండా కొండ చాటున కాల్చేయడం కూడా అందులోకే వస్తుంది. కానీ పాటను తుపాకీ ఖాతాలో రాసి కొట్టేయడం కూడా ఇన్సాఫ్ కాదు. తుపాకీ పట్టుకోకముందే ఆ పాట ఉంది. తుపాకులన్నీ మూగబోయాక కూడా ఆ పాట ఉంది.

అదే 1969 ఆగస్టు 25న ఢిల్లీలో మఖ్దూమ్ మొహియుద్దీన్ ఇంతెకాల్ అయ్యారు. హైదరాబాద్ మజ్దూర్ల నాయకుడు, ఉర్దూ షాయర్. ఆయన "బిసాత్-ఎ-రక్స్" సంపుటికి సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చిన సంవత్సరం కూడా అదే. మఖ్దూమ్ జనాజా వెంట హైదరాబాద్ నడిచింది. నాలుగు నెలల తర్వాత రంగమటియాలో పాణిగ్రాహి వెంట నడవడానికి ఎవరికీ వీలు లేకపోయింది. ఒకరు గజల్ రాసినవాడు, ఇంకొకరు జముకు వాయించినవాడు. ఇద్దరి పాటల్లో అడిగిన సవాల్ మాత్రం ఒకటే: ఈ జమీన్ ఎవరిది?

ఇంతకీ ఆ సవాల్‌లో ఉన్న మాటలు ఎవరివి? ఈ సంగతి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. రైతు అన్న మాటనే తీసుకోండి. అరబ్బీ "రయ్యత్" అది. పాలకుడి రక్షణలో ఉండే ప్రజ అని అర్థం. జమీందారు ఫార్సీ. కౌలు అంటే అరబ్బీలో "ఖౌల్", మాట ఇవ్వడం. ఇచ్చిన మాటే కౌలు అయింది, ఆ మాట తప్పినప్పుడే గొడవంతా వచ్చింది. దస్తావేజు, జప్తు, వసూలు, బాకీ, కచేరీ, జమాబందీ... ఇవన్నీ రైతు మెడ మీద కూర్చున్న మాటలు. ఆ రైతు తల ఎత్తినప్పుడు నోట్లోంచి వచ్చిన మాటలు చూడండి: హక్కు, జులుం, ఫిర్యాదు, ఖబడ్దార్, జిందాబాద్. అవీ మన మాటలే. సంకెళ్లూ మనవే, వాటిని కోసిన ఆకురాయీ మనదే. ఉర్దూ అంటే నవాబుల హవేలీ భాష అని మనవాళ్లే కొందరు ఫఖ్ర్‌గా చెప్పుకుంటారు. "మాకు ఉర్దూ రాదు, మేం తెలుగు ముస్లింలం" అని ఇంకొందరు తల దించుకుంటారు. ఉద్దానం కూలి మనిషి మదర్సా గడప తొక్కకుండానే ఈ మాటలన్నీ తన సొంతం చేసుకున్నాడు. ఇద్దరూ అతని దగ్గర కూర్చుని కాసేపు వింటే బాగుంటుంది.

"ఇంక్విలాబ్ జిందాబాద్" నారా సంగతీ అంతే. ఆ నారా ఇచ్చినవాడు మౌలానా హస్రత్ మోహానీ, 1921లో. గజల్ షాయర్, హజ్‌లు చేసిన మనిషి, 1925 డిసెంబరులో కాన్పూర్‌లో జరిగిన మొదటి కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘం సదర్. జానమాజ్ నుంచి లేచి జైలుకు వెళ్లిన మౌలానా నోటి మాట బొడ్డపాడు పూజారి గొంతులోకి ఎలా చేరిందో ఆలోచిస్తే, ఈ ముల్క్‌లో ఎవరి విరాసత్ ఎక్కడ ఆగుతుందో గీత గీయడం ఎంత బేకార్ పనో తెలుస్తుంది.

పాణిగ్రాహికి ముందు ఈ దారి వేసినవాళ్లలో మనవాడు ఒకడున్నాడు. షేక్ నాజర్. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920 ఫిబ్రవరి 5న పుట్టాడు. దూదేకులవాళ్ల పిల్లాడు. తన జీవిత కథకు "పింజారి" అనే పేరే ఉండనిచ్చాడంటే ఆ మనిషి జిగర్ ఎంతటిదో చూడండి. మనలో మనమే ఆ మాటను తిట్టులా వాడినవాళ్లం ఉన్నాం. షేక్, సయ్యద్, మొఘల్, పఠాన్ అని నాలుగు మెట్లు లెక్కపెట్టి, దూదేకులవాళ్లను మెట్ల కింద నిలబెట్టినవాళ్లం. ఆ కింద నిలబడ్డ మనిషే బుర్రకథను తెలుగు దేశమంతా తిప్పాడు. ప్రజానాట్యమండలిలో బెంగాల్ కరువు కథ పాడాడు. పల్నాటి యుద్ధం పాడాడు. ఉత్తరాంధ్రవాళ్ల బొబ్బిలి యుద్ధం పాడాడు. 1757లో జరిగిన ఆ యుద్ధంలో ఫ్రెంచి బుస్సీ వెనకాల హైదర్‌జంగ్ అనే దివాన్ ఉన్నాడు. కథలో విలన్ పేరు ముస్లిం పేరు, కథ చెప్పేది ముస్లిం మనిషి, తాండ్ర పాపారాయుడి కోసం ఏడ్చేది ఊరంతా. ఈ రోజుల్లోనైతే వాట్సాప్‌లో ఎంత గలాటా అయ్యేదో! ఆ జమానాలో జనం నాజర్‌ను ఆ కళ్లతో చూడలేదు. ఆయన కూడా ఆ భయంతో పాడలేదు.

బుర్రకథను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అదే నాజర్‌కు 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. హుకూమత్‌కు పాట నచ్చడానికి సాధారణంగా నలభై ఏళ్లు పడుతుందన్నమాట. ఆ నిషేధాల కాలంలోనే ప్రజానాట్యమండలి ఆడిన "మా భూమి" నాటకం మీద కూడా వేటు పడింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ఆ నాటకానికి ప్రేరణ ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి 1940లో హత్యకు గురైన కామారెడ్డిగూడెం షేక్ బందగీ. అంటే ఇటు కథ చెప్పేవాడూ మనవాడే, అటు కథలో ఉన్నవాడూ మనవాడే. మన పిల్లలకు ఇద్దరి పేర్లూ తెలియవు.

బుర్రకథ జిల్లాల్లో నాజర్ చేసిన పనినే జముకు జిల్లాల్లో పాణిగ్రాహి చేశాడు. పాత సంచిలో కొత్త ధాన్యం. తర్వాత ఆ సంచిని భుజాన వేసుకుని ముప్పై నలభై ఏళ్లు తిరిగినవాడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టాడు. విశాఖపట్నం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేశాడు. అక్కడి నుంచే ఆయన యంత్రం పాట వచ్చింది. యంత్రం ఎలా నడుస్తోంది అని అడిగి, నడిపించే చేతుల దాకా మనల్ని తీసుకెళ్లే పాట అది. కార్మికుడు రాస్తేనే అలా వస్తుంది. ఇనుము వేడి తెలియని మనిషి రాస్తే నినాదం అయి ఊరుకుంటుంది.

1972లో గద్దర్, బి. నర్సింగరావులతో కలిసి జననాట్యమండలి పెట్టారు. ఒకడు తూప్రాన్ తెలంగాణవాడు, ఒకడు పార్వతీపురం ఉత్తరాంధ్రవాడు. యాసలు కలవవు, రాగాలు కలవవు. ఇద్దరూ కాళ్లకు గజ్జెలు కట్టి ఒకే వేదిక ఎక్కారు. ఊరూరా తిరిగారు. మైకు ఉంటే మైకు, లేకపోతే గొంతు. పడుకోవడానికి ఎవరి అరుగు దొరికితే ఆ అరుగు. ఈ తిరుగుళ్లలో పాట కాగితం మీద ఉండదు కదా, విన్న ప్రతివాడూ ఒక కాపీ అయిపోతాడు. "భూమి భాగోతం" ఆయన చేతి పని. మూడు వందలకు పైగా పాటలు కట్టాడు, వాటిలో కొన్ని వేరే భాషల్లోకీ వెళ్లాయి. ఆయన పాటల్లో నాకు బాగా నచ్చేది ఉత్తరాంధ్ర ఆడవాళ్ల మాట. కోపం ఉంటుంది, కోపం పక్కనే ఎకసెక్కం ఉంటుంది. గద్దర్ పాటలో ఉరుము ఉంటే వంగపండు పాటలో మీ చిచ్చీ మీ చెవిలో చెప్పినట్టు ఒక చిన్న గుసగుస ఉంటుంది.

"ఏం పిల్లడో" అనే పాట అందరికీ తెలుసు. శ్రీకాకుళం పోరాటంలోకి ఒక కుర్రాణ్ణి రమ్మని పిలిచే పాట. సినిమా తెర మీదికీ ఆయన వెళ్లాడు, 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన "అర్ధరాత్రి స్వతంత్రం"తో. 2009లో "మగధీర"లో "ఏం పిల్లడో" పల్లవి మళ్లీ వినబడింది, ఈసారి డ్యాన్స్ పాటలో. అప్పటి నుంచి ఏ షాదీలో అయినా బారాత్ డీజేవాడు ఆ పాట వేస్తాడు. మన షాదీల్లోనూ వేస్తారు, మన పిల్లలూ గంతులేస్తారు. ఒకసారి ఒక వలీమా దగ్గర పక్కన కూర్చున్న కుర్రాణ్ణి అడిగాను, "బేటా, ఆ పిల్లణ్ణి ఎక్కడికి రమ్మంటున్నారు?" అని. "లవ్ సాంగ్ కదా చిచ్చా, సినిమాకేమో" అన్నాడు. నవ్వొచ్చింది. వాణ్ణి అనడానికి లేదు, వాడికి ఎవరూ చెప్పలేదు. కొండల్లోకి రమ్మన్న పాట బారాత్‌లోకి వచ్చి చేరింది. జానపదం గతి అంతే అనుకోవచ్చు. జనం పాట జనానిదే అని వంగపండులాంటివాళ్లే అన్నారు కూడా. నాకు మాత్రం కొంచెం గుచ్చుకుంటుంది. పాట మీద డబ్బు చేసుకునే చోట కట్టినవాడి పేరు వినబడాలి. మజ్దూర్ మజూరీ ఎగ్గొట్టకూడదని మన దీన్ గట్టిగా చెప్పింది. పాట కట్టడమూ మజూరీయే కదా.

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంగపండుకు కళారత్న ఇచ్చింది. ప్రభుత్వాన్ని తిట్టి పాడినవాడు ప్రభుత్వ శాలువా కప్పుకోవడం ఏమిటని కొందరు ముఖం చిట్లించారు. పద్మశ్రీ తీసుకున్న నాజర్‌ను మాత్రం మనం ఏమీ అనలేదు. ముసలితనంలో ఒక శాలువా కప్పుకుంటే పాత పాటలన్నీ ఝూట్ అయిపోవు. ఎప్పుడూ వేదిక ఎక్కనివాళ్లే ఇలాంటి లెక్కలు ఎక్కువ అడుగుతారు. 2020 ఆగస్టు 4న, కరోనా రోజుల్లో, పార్వతీపురంలో ఆయన గుండె ఆగింది. వేలమంది మధ్య పాడిన మనిషికి వేలమంది కూడే వీలు లేని కాలంలో ఆఖిరీ సఫర్. మూడేళ్ల తర్వాత 2023 ఆగస్టు 6న గద్దర్ కూడా వెళ్లిపోయాడు.

ఉద్దానం మాత్రం ఇంకా ఫిర్యాదు చేస్తూనే ఉంది. ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లనే తినేసింది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో తాతలనాటి కొబ్బరి చెట్లను, జీడి తోటలను పడగొట్టింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఏం తినాలన్నది ఏ నష్టపరిహారం ఫారంలోనూ లేని కాలమ్. ఇలాంటి సంగతులకు ఒకప్పుడు జముకు మోగేది.

2020లో వచ్చిన "పలాస 1978" సినిమాలో హీరోలు ఇద్దరు అన్నదమ్ములు, జానపద కళాకారుల కుటుంబం వాళ్లు. అందులోని నెక్లెస్ గొలుసు పాట ఊరూరా మోగింది, బారాత్ డీజేలూ పట్టుకున్నారు. బొడ్డపాడులో అమరుల స్తూపం ఉంది. దాని దగ్గర ఏటా మనుషులు కూడతారు, పేర్లు చదువుతారు, పాటలు పాడతారు. మన వైపు పల్లెల్లో మొహర్రం పదో రోజు అలావా చుట్టూ హసన్, హుసేన్‌ల పేర్లు తీసి, హిందూ ముస్లిం తేడా లేకుండా తెలుగులో పాడతారే, అలాగే.